పున్నమ్మ ముఖం

బొమ్మలబడిలో ఊడవడానికి మనిషి కావాలని లక్ష్మీకాంత్ మాస్టారు కబురు పెట్టేనాటికి వెంకటరావమ్మకు యాభయ్యో సంవత్సరం నడుస్తోంది. భవానీపురం వెనక కొండమీద, రెండువందల పద్దెనిమిది మెట్లు ఎక్కితే ఆమె ఇల్లు. బడి అక్కణ్ణించి ఇంకో నలభై మెట్ల పైన. రోజూ కింది కుళాయి నుంచి బిందెలు మోసే మనిషికి నలభై మెట్లు ఒక లెక్క కాదు. "పొద్దున్నే వచ్చి ఊడ్చిపోతానండీ" అని ఒప్పుకుంది.

బడి అని కొండమీదివాళ్ళు అంటారు గానీ దాని అసలు పేరు 'కొండ చిత్రకళా కేంద్రం'. గోడమీద నీలం రంగుతో ఆ పేరు రాసింది మాస్టారే. ఆయన మున్సిపల్ హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా చేశాడు. బడి నడుస్తున్న ఆ ఇంట్లోనే పుట్టాడు. రిటైరయ్యాక పాత శిష్యుల్ని నలుగురిని పోగుచేసి ఒక ట్రస్టు పెట్టి, ఇల్లు దాని పేర రాసేసి, తను కింద కూతురి దగ్గర ఉంటున్నాడు. రెండు గదులు, బండరాయిని ఆనుకుని ఒక వసారా. ఫీజు లేదు. కాగితాలు, రంగులు అక్కడే ఇస్తారు. హమాలీల పిల్లలు, ఆటోవాళ్ళ పిల్లలు, బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు సెలవు దొరికితే వచ్చి కూర్చుంటారు. వసారాలోంచి చూస్తే కృష్ణ, బ్యారేజీ, వంతెన మీద పోయే రైళ్ళు. కొత్తగా వచ్చిన పిల్లలందరూ ముందు ఆ రైలే వేస్తారు.

వెంకటరావమ్మకు బొమ్మలతో పని లేదు. రంగు మరకలు ఏ సబ్బుకు పోతాయో, ఏవి పోవో రెండు నెలల్లో తెలుసుకుంది. అంతవరకే. మూడేళ్ళు అలాగే గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాఠాలు చెప్పే హెప్సిబా చర్చి నుంచి నేరుగా వచ్చి పిల్లలతో, "ఇవాళ మీ అమ్మల బొమ్మలు వేద్దాం. వెళ్ళి పిలుచుకురండి" అంది. హెప్సిబాకు ముప్ఫై ఏళ్ళుంటాయి. ఫైన్ ఆర్ట్స్ చదివి, ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తూ, శని ఆదివారాలు ఇక్కడికి వస్తుంది. అరగంటలో పదకొండు మంది తల్లులు వచ్చి వసారాలో వరసగా కూర్చున్నారు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వులు. కూర వండుతూ పొయ్యి కట్టేసి వచ్చినవాళ్ళు, నిద్ర లేచి వచ్చినవాళ్ళు. పిల్లలు మాత్రం నవ్వడం లేదు. పెన్సిలు పట్టుకుని, కళ్ళు చిట్లించి, తల్లుల ముఖాల్ని ఎన్నడూ చూడనట్టు చూస్తున్నారు.

ఆదివారాలు మధ్యాహ్నం కూడా ఊడవడానికి వచ్చే వెంకటరావమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఒక పిల్ల గట్టిగా కసిరింది. "అమ్మా, తల కదపకే!"

ఆ మాట వినగానే వెంకటరావమ్మ చీపురు గోడకు ఆనించి, బడి వెనక బండల్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి హెప్సిబా వెతుక్కుంటూ వచ్చింది. "ఏమైందండీ? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందమ్మా." కళ్ళు తుడుచుకుంది. తర్వాత అడిగింది. "టీచరమ్మా, ఫొటో లేకపోతే మనిషి బొమ్మ వెయ్యొచ్చా?"

"ఎవరి బొమ్మ?"

"మా అమ్మది."

ఆ రోజు బండమీద కూర్చుని ఆమె చెప్పినదంతా అంతకుముందు ఎవరికీ వరసగా చెప్పింది కాదు. మొగుడు ఆదిశేషయ్యకు కూడా ముక్కలు ముక్కలుగానే తెలుసు.

అవనిగడ్డ దాటి ఇంకా దక్షిణంగా, సముద్రానికి అయిదు మైళ్ళ దూరంలో, నేతపని చేసుకునే పదిహేను ఇళ్ళ పల్లె ఒకటి ఉండేది. వెంకటరావమ్మ అక్కడ పుట్టింది. తండ్రి మగ్గాలకు పడుగు దారాల అచ్చులు కట్టేవాడు, తల్లి పున్నమ్మ మగ్గం నేసేది. చంటి తమ్ముడొకడు. డెబ్భై ఏడో సంవత్సరం నవంబరులో పెడన నుంచి పెద్దమ్మ చూడ్డానికి వచ్చింది. తిరిగి వెళ్ళేరోజు తనూ వెళ్తానని ఎనిమిదేళ్ళ వెంకటరావమ్మ నేలమీద పడి పొర్లింది. తల్లి విసుక్కుని, చివరికి సరేనని, ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది. పిల్ల ఆత్రంకొద్దీ అటూ ఇటూ తిరుగుతుంటే, "తల కదపకే" అని మెత్తగా మొట్టింది. ఆ మాట, జుట్టులో ఆ వేళ్ళు, అంతే. బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికిన సంబరంలో పిల్ల ముందుకే చూస్తూ కూర్చుంది. వెనక్కి తిరిగి అమ్మను చూడలేదు. అది గురువారం. శనివారం ఉప్పెన వచ్చింది. పల్లెలో ఇల్లనేది మిగల్లేదు.

పెద్దమ్మ పెంచింది. ప్రేమగానే పెంచింది గానీ, ఆ ఊరి పేరెత్తితే చాలు లేచి వెళ్ళిపోయేది. చెల్లెలి గురించి ఒక్క మాట చెప్పకుండానే ఆవిడా పోయింది. పదిహేడో ఏట విజయవాడ బట్టల మార్కెట్లో బేళ్ళు మోసే ఆదిశేషయ్యకిచ్చి పెళ్ళి చేశారు. అప్పట్నుంచీ ఈ కొండే.

"పెళ్ళయిన కొత్తల్లో కళ్ళు మూసుకుంటే కనపడేదమ్మా" అంది వెంకటరావమ్మ. "ఆ తర్వాత్తర్వాత మసకైపోయింది. ఇప్పుడు అసల్లేదు. ఎదురొచ్చి నిలబడినా పోల్చుకోలేను. ఆ బస్సులో ఒక్కసారి ఎనక్కి చూసుంటే ఆ చూపన్నా మిగిలుండేది గదా."

హెప్సిబా ఆమె పక్కకు జరిగి కూర్చుంది. "మీరు చెప్పండి. నేను వేస్తాను" అంది చివరికి.

మూడు ఆదివారాలు కూర్చున్నారు. నుదురు వెడల్పా, ఇరుకా? ముక్కు కొస ఎలా ఉండేది? కళ్ళు? వెంకటరావమ్మ కొన్నిటికి ఠక్కున చెప్పేది. కొన్నిటికి తెల్లబోయేది. హెప్సిబా వేస్తూ, చెరుపుతూ, మళ్ళీ వేసి, మూడో ఆదివారం సాయంత్రానికి ఒక ముఖం పూర్తి చేసి చూపించింది. చక్కటి ముఖం.

వెంకటరావమ్మ దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసింది. "ఎవరో గానీ, మంచి తల్లిలా ఉందమ్మా" అంది. "మా అమ్మ కాదు."

"గుర్తులేదంటున్నారు కదా, కాదని ఎలా చెప్తున్నారు?"

"అదేనమ్మా నాకూ అర్థం కాంది."

హెప్సిబా ఆ కాగితాన్ని మడవకుండా పక్కన పెట్టింది. కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. ఇంకో కాగితం తీసి, పెన్సిలు వెంకటరావమ్మ ముందు పెట్టింది. "ఇంక నా వల్ల కాదండీ. మీరే వెయ్యండి."

"నేనా? నాకు సంతకం చెయ్యడమే బరువు."

"ముఖం వద్దు. మీకు బాగా గుర్తున్నదేదో అది వెయ్యండి. ఎంత చిన్నదైనా సరే."

బాగా గుర్తున్నది ఏమిటి? అది చెప్పడానికి వెంకటరావమ్మకు వారం పట్టింది. అంట్లు తోముతుంటే ఒకరోజు దానంతటదే వచ్చి నిలబడింది. పాదాలు. వాళ్ళది గుంట మగ్గం. నేసేవాళ్ళు నేలమీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడేసి, కింద ఉన్న చెక్కలు తొక్కుతారు. వెంకటరావమ్మ చిన్నప్పుడంతా ఆ గుంటలో ఒక మూల కూర్చుని ఆడుకునేది. పైన దారం నింపిన నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే, కింద అమ్మ పాదాలు ఒకటి తరవాత ఒకటి లేస్తూ దిగుతూ ఉండేవి. ముఖం పైనెక్కడో ఉండేది. పిల్లకు అందేవి పాదాలే. కుడికాలి చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉండేది. మట్టెలు అరిగి సన్నబడ్డాయి. ఎడమ మడమ మీద తెల్లగా పాత మచ్చ.

వేయడం మొదలుపెట్టింది. మొదటి బొమ్మ చూసి లక్ష్మీకాంత్ మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "ఇవేంటమ్మా, చేమదుంపలా?" అన్నాడు. ఆయన మాట కటువు. చిన్నపిల్లల్ని కూడా వదిలిపెట్టడు. వెంకటరావమ్మ ముఖం ముడుచుకుంది. మర్నాడు ఊడవడానికి రాదేమో అనుకుంది హెప్సిబా. వచ్చింది. ఊడ్చేశాక, "మాస్టారూ, చేమదుంపలు కాకుండా ఎట్టా వెయ్యాలో చెప్పండి" అంది.

ఆయన చెప్పాడు. అరికాలు ఒక పడవ అనుకోమన్నాడు. మడమ బరువు ఎక్కడ ఆనుతుందో చూడమన్నాడు. "ఎవరి కాళ్ళన్నా ముందు పెట్టుకుని వెయ్యి. లేని కాళ్ళు తరవాత."

ఇంట్లో ఉన్నవి ఆదిశేషయ్య కాళ్ళు. ముప్ఫై అయిదేళ్ళు బేళ్ళు మోసిన కాళ్ళు, పగుళ్ళు తేలి, వేళ్ళు విడిపోయి. అరవై దాటాక బరువులు మాని, ఒక కొట్టు ముందు వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడు.

"కదలకుండా కూర్చోయ్యా" అంది.

"నా కాళ్ళు ఏం చేసుకుంటావే? ఊళ్ళో అందమైన కాళ్ళే కరువయ్యాయా?"

"నీ కాళ్ళు వస్తే ఎవరి కాళ్ళైనా వస్తాయని మాస్టారు చెప్పారు."

మాస్టారు అలా అనలేదు. కానీ ఆదిశేషయ్య ఆ మాటకు పొంగిపోయి, అప్పట్నుంచి సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని గుమ్మంలో చాపుకుని కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే, "బొమ్మకు కూర్చున్నాను" అని గంభీరంగా చెప్పేవాడు. ఆ ఏడాది ఆమె అతని పాదాలు నలభైసార్లయినా వేసింది. ఆ తరవాత పక్కింటివాళ్ళవి, బిందెలెత్తుకుని మెట్లెక్కే ఆడవాళ్ళవి. కూతురు భానుశ్రీ ఆస్పత్రిలో నర్సు, పాయకాపురంలో అత్తవారిల్లు. చూడ్డానికి వచ్చినప్పుడల్లా, "అమ్మా, ముందు టీ తాగనియ్యి, తర్వాత కాళ్ళు చూపిస్తాను" అనేది.

రెండేళ్ళకు గుంట మగ్గంలో పున్నమ్మ పాదాలు కాగితం మీదికి వచ్చాయి. పెద్ద కాగితం, బొగ్గుతో వేసింది. పైనంతా మగ్గం నీడ. కింద రెండు పాదాలు, ఒకటి చెక్కను తొక్కి, ఒకటి లేస్తూ. చెక్కల్ని కట్టిన కొబ్బరిపీచు తాళ్ళు, వాటి ముడులతో సహా. మాస్టారు దాన్ని చూసి ఏమీ అనలేదు. కుర్చీ తెప్పించుకుని దాని ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఏమీ అనకపోవడం ఆ బడిలో అందరికీ కొత్త.

ఆ ఫిబ్రవరిలో బడి వార్షిక ప్రదర్శన జరిగింది. పాత చీరలు కట్టి వసారాను గదులుగా చేశారు. పిల్లల రైళ్ళ మధ్య, నది బొమ్మల మధ్య, పున్నమ్మ పాదాలు ఒక్కటే ఒక గోడమీద పెట్టారు. వచ్చినవాళ్ళలో జ్యోతిర్మయి అనే ఆవిడ ఉంది. చల్లపల్లి వైపు చేనేత సంఘంలో పనిచేస్తుంది, ఏదో పనిమీద విజయవాడ వచ్చి, స్నేహితురాలి వెంట కొండెక్కింది. ఆ బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఇది వేసిందెవరండీ?"

పక్కనే మంచినీళ్ళ గ్లాసులు సర్దుతున్న వెంకటరావమ్మను హెప్సిబా చూపించింది.

"ఈ ముడి ఎక్కడ చూశారమ్మా?" అంది జ్యోతిర్మయి. "చెక్కకు ఇలా రెండు చుట్లు తిప్పి లోపలికి వేసే ముడి మా వైపు ఎవరూ వెయ్యరు. మా కాలనీలో ఒక ముసలావిడ మాత్రం ఇలాగే కడుతుంది. ఆవిడది సముద్రం వైపు ఊరు. ఉప్పెనలో పోయిందంటారు."

వెంకటరావమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఆవిడ పేరేంటండీ?"

"నాంచారమ్మ."

ఆ పేరు వెంకటరావమ్మకు ముఖం లేకుండా తెలుసు. చిన్నప్పుడు పల్లెలో పక్కింట్లో ఎవరో ఎప్పుడూ కేకేసే పేరు అది.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే బస్టాండుకు వెళ్ళి చల్లపల్లి బస్సెక్కింది. ఆదిశేషయ్య వస్తానన్నాడు గానీ ఆమె వద్దంది. ఉయ్యూరు దాటింది, పామర్రు దాటింది. రెండువైపులా మినుము పచ్చగా కమ్ముకుని ఉంది. ఒళ్ళో సంచిలో కాగితాలు, పెన్సిళ్ళు, ఒక డజను అరటిపళ్ళు. ఏం అడగాలో బస్సులో పదిసార్లు అనుకుంది. దిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

నేత కాలనీలో చివరి ఇల్లు. నాంచారమ్మకు డెబ్భై దాటాయి. సన్నగా, నిటారుగా ఉంది. మగ్గం వదిలేసి అయిదేళ్ళయిందట, ఇప్పుడు నాడెల్లోకి దారం కండెలు చుడుతోంది. జ్యోతిర్మయి ముందే చెప్పి ఉంచింది కాబట్టి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. వెంకటరావమ్మను కిందినుంచి పైదాకా చూసింది.

"పున్నమ్మ కూతురివా? రావే, లోపలికి రా."

వెంకటరావమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. ఆ పేరు ఇంకొకరి నోట విని నలభై ఆరేళ్ళు. నాంచారమ్మ చాపమీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి తాగించింది.

"మా అమ్మ ఎట్టా ఉండేదండీ?" అంది వెంకటరావమ్మ.

"ఎట్టా అంటే ఏం చెప్పనే? పున్నమ్మ పున్నమ్మలాగే ఉండేది." నాంచారమ్మ నవ్వబోయి ఆగింది. "చామనచాయ. పొడుగే. నీకన్నా పొడుగు. మాట్టాడితే ఆగేది కాదు. పని చేస్తా కూడా మాట్టాడతానే ఉండేది, నాడె చప్పుడు మీద మాట్టాడాలని గొంతు పెంచేది. అవతలి వీధికి వినపడేది."

"ముఖం?"

"నీ ముఖంలో ఏం లేదే ఆమెది. నీది మీ నాన్న పోలిక."

వెంకటరావమ్మ తల దించుకుంది. అద్దంలో ఏదో కొంచెమన్నా మిగిలి ఉంటుందని ఇన్నాళ్ళూ ఆశ. అదీ పోయింది. ఎవరికీ చెప్పుకోకూడనిది చెప్పినట్టు అంది. "ఆ రోజు బస్సులో నేను ఎనక్కి తిరిగి చూళ్ళేదండీ. కిటికీ దగ్గర కూర్చుని ముందుకే చూస్తా పోయాను. ఆఖరిసారి. అదే నన్ను తినేస్తది."

నాంచారమ్మ కండె పక్కన పెట్టింది. "ఎవరు చెప్పారే నీకా మాట?"

"ఎవరూ చెప్పలా. నాకు గుర్తు."

"నీకేం గుర్తు, నీ మొహం! ఆ బస్సులో నేనూ ఉన్నా. చల్లపల్లి సంఘానికి బట్ట ఇవ్వడానికి వస్తన్నా. నీ పక్కనే కూర్చున్నా. నువ్వు నడుం దాకా కిటికీలోంచి బయట పడ్డావ్. 'అమ్మా, అమ్మా' అని ఒకటే కేకలు. జారిపోతావని మీ పెద్దమ్మ ఒక జబ్బ పట్టుకుంటే, నేనొక జబ్బ పట్టుకున్నా. ఊరు కనపడనంత దూరం పోయేదాకా నువ్వు లోపలికి రాలా. ఆ తర్వాత ముందుకు తిరిగి కూర్చున్నావ్, చల్లపల్లి దాకా మాట్టాడకుండా."

"మా అమ్మ?"

"రోడ్డు మీద నిలబడింది. చంటోడు చంకలో. చెయ్యి ఊపతానే ఉంది."

వెంకటరావమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడ్చింది. చూశాను, చూశాను అనుకుంది. కడసారి ఆ ముఖాన్ని కళ్ళారా చూసి, అంతసేపు చూసి, ఆ చూసినదాన్ని ఎక్కడో పారేసుకుంది. చూడలేదన్న బాధ గుండెల మీంచి దిగిపోతుంటే, చూసి కూడా దక్కలేదన్న బాధ ఆ జాగాలో వచ్చి కూర్చుంది. రెంటిలో ఏది ఎక్కువ బరువో ఆమెకు తెలియలేదు.

నాంచారమ్మ ఊరుకోమనలేదు. వెంకటరావమ్మ తేరుకున్నాక, గోడకేసి చూస్తూ అంది. "నా పిల్లలిద్దరు. వాళ్ళ నాన్న దగ్గర ఒదిలి వచ్చా, గాలివానకి మళ్ళీ పోలేకపోయా. పెద్దోడి మొహం ఉంది నాకు. చిన్నదానిదే... దానికి తొమ్మిదో నెల. ఎంత తలుచుకున్నా రాదు." మొహమాటంగా అడిగింది. "నీకు బొమ్మలెయ్యడం వచ్చంట గదా. వెయ్యవే."

వెంకటరావమ్మకు హెప్సిబా వేసిన ముఖం గుర్తొచ్చింది. "ముఖం నా వల్ల కాదు పెద్దమ్మా. ఏది గుర్తుందో చెప్పు."

చెప్పింది నాంచారమ్మ. మగ్గం పక్కన చీర ఉయ్యాల కట్టేది. పిల్ల నిద్రపోతే ఒక చెయ్యి ఉయ్యాల్లోంచి బయటికి వేలాడేది. నేస్తూ నేస్తూ మధ్యలో ఆ చేతిని లోపలికి పెట్టేది. మళ్ళీ బయటికి వచ్చేది.

వెంకటరావమ్మ కాగితం తీసింది. ఉయ్యాల మడతలు వేసింది. అందులోంచి జారిన చిన్న చెయ్యి వేసింది.

"వేళ్ళు ఇంకా పొట్టి" అంది నాంచారమ్మ.

చెరిపి వేసింది.

"ఇంకా పొట్టి. ఉబ్బెత్తుగా ఉంటయ్. మణికట్టు దగ్గర మడత."

మళ్ళీ వేసింది. నాంచారమ్మ కాగితాన్ని వెలుతురు వైపు తిప్పుకుంది. తర్వాత చూపుడువేలు కాగితానికి తగలకుండా, ఆ చిన్న చేతి కింద గాలిలో పెట్టి, పైకి ఎత్తి లోపలికి పెడుతున్నట్టు మెల్లగా కదిలించింది.

ఆ రోజు వెంకటరావమ్మను పోనివ్వలేదు. అన్నం వండి, వంకాయ పచ్చడి చేసి పెట్టింది. తింటుండగా అంది. "నేను మళ్ళీ ఆ చోటుకి పోలేదే. ఒక్కదానికి కాళ్ళాడలా. నువ్వుంటే పోదాం."

మర్నాడు పొద్దున ఇద్దరూ బయల్దేరారు. అవనిగడ్డలో బస్సు మారారు. కండక్టరుకు ఊరి పేరు చెపితే తెలియలేదు. నాంచారమ్మ కిటికీలోంచి చూస్తూ, కాలవ మీద పాత వంతెన ఒకటి కనిపించాక, "ఇక్కడే, ఇక్కడే ఆపయ్యా" అంది. దిగారు.

పల్లె లేదు. ఉన్న గుర్తు కూడా లేదు. కనుచూపు మేర రొయ్యల చెరువులు. నీళ్ళలో చక్రాలు తిరుగుతూ తెల్లగా చిమ్ముతున్నాయి. కాపలా షెడ్డులో కూర్చున్న మనిషి వీళ్ళను చూసి, రొయ్యలు కొనడానికి వచ్చారేమో అనుకుని, "ఇక్కడ చిల్లరగా అమ్మరమ్మా" అన్నాడు. నాంచారమ్మ వంతెన నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒకచోట ఆగి, చెరువుగట్టు వైపు వేలు చూపించింది. "అదుగో, అక్కడ మా మగ్గం. దాని పక్కన మీది." అటు చూస్తే నీళ్ళే. ఆవిడ రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో కూలబడింది.

వెంకటరావమ్మ అడిగింది. "అమ్మ నిలబడింది ఎక్కడ పెద్దమ్మా?"

"నువ్వు నిలబడ్డ చోటే. అటూ ఇటూగా."

వాళ్ళు వచ్చిన బస్సు ముందు ఊరిదాకా వెళ్ళి, తిప్పుకుని, అవనిగడ్డ వైపు తిరిగి వచ్చింది. ఎక్కుతారేమోనని డ్రైవరు నెమ్మది చేశాడు. వెంకటరావమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. బస్సు వెళ్ళిపోయింది. ఆమె అక్కడే నిలబడి చూసింది. రోడ్డు ఎక్కడా మలుపు తిరగకుండా, కాలవ పక్కనే, తాటిచెట్ల దాకా సూటిగా పోతోంది. బస్సు చిన్నదవుతోంది గానీ మాయమవడం లేదు. అగ్గిపెట్టంత అయింది. కిటికీలు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. గోరంత అయింది. ఎండలో దాని అద్దం ఒకసారి మెరిసింది. అప్పటికీ కనిపిస్తూనే ఉంది.

ఇంతసేపా, అనుకుంది వెంకటరావమ్మ. అమ్మకు నేను ఇంతసేపు కనపడ్డానా.

బస్సు పూర్తిగా పోయాక కూడా ఆమె చాలాసేపు అటే చూసింది. తర్వాత నాంచారమ్మ పక్కన నీడలో కూర్చుని సంచిలోంచి కాగితాలు తీసింది. నాంచారమ్మ అరటిపండు ఒలుచుకుంటూ, "ఏం వేస్తన్నావే?" అని అడిగింది.

"రోడ్డు" అంది.

ఆ బొమ్మ ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడామెకు యాభై ఆరు. పొద్దున్నే బడి ఊడ్చి, పిల్లలు రాకముందు ఒక గంట దానిమీద కూర్చుంటుంది. కాగితంలో కాలవ ఉంది, తాటిచెట్లు ఉన్నాయి, రోడ్డు ఉంది, చివర చుక్కంత బస్సు ఉంది. ఆ బస్సు కిటికీలోంచి బయటికి వంగిన పిల్ల కూడా ఉండాలి, కానీ అంత చిన్న బస్సులో పిల్లను చూపించడం ఎలాగో తెలియడం లేదు. మాస్టారిని అడిగితే, "అక్కడ పిల్ల ఉందని తెలిసిన చెయ్యి వేస్తే చాలు, కనపడక్కర్లేదు" అన్నాడు. వెంకటరావమ్మ ఒప్పుకోలేదు. "రోడ్డు మీద నిలబడి చూసినావిడకి కనపడింది గదండీ" అంది.

బొగ్గును ఇంకా సన్నగా చెక్కుకుంటోంది. చల్లపల్లి నుంచి నాంచారమ్మ నెలకోసారి ఫోన్ చేస్తుంది. బొమ్మ సంగతి అడిగాక, గుర్తొచ్చినప్పుడల్లా ఒక ముక్క చెపుతుంది. పున్నమ్మకు చింతచిగురంటే ప్రాణమని ఒకసారి, కోపమొస్తే చెవులు ఎర్రబడేవని ఒకసారి. వెంకటరావమ్మ ఆ మాటలన్నీ బడిలో దొరికిన ఒక నోటుపుస్తకంలో పెద్దపెద్ద అక్షరాలతో రాసుకుంటుంది. ముఖం కోసం కాగితం మాత్రం మళ్ళీ తియ్యలేదు.